బండికీ పనిముట్లకూ ఒకే బ్యాటరీ పెట్టె: ప్రాజెక్టు డైరీ

పని ఇదీ. సరుకు మోసే మూడు చక్రాల ఎలక్ట్రిక్ బండి ఒకటి. మోటారు 1,500 వాట్లు, కంట్రోలరు ఎక్కువలో ఎక్కువ 60 ఆంప్స్ లాగుతుంది. అడుగున 12 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగున్నాయి. వాటిని దించేసి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌తో, అంటే అందరూ ఎల్ఎఫ్‌పి అనే వాటితో, కొత్త ప్యాక్ కట్టాలి. బండి మీద వెళ్లే డ్రిల్లు, గ్రైండరు బ్యాటరీలు కూడా అక్కడే ఛార్జ్ కావాలి. ఇంకో షరతు కూడా పెట్టుకున్నాం. పెట్టెలో ఏదీ జిగురుతో అంటించకూడదు, ఏ సెల్ అయినా స్పానరు పట్టి విప్పితే బయటికి రావాలి. బ్యాటరీల భవిష్యత్తు అనగానే మాటంతా కొత్త రసాయనాల మీదికే పోతుంది. పాడైన ప్యాకులు విప్పి చూస్తే మాత్రం సెల్స్ చాలావరకు బాగానే ఉంటాయి. ఒక్క బలహీనమైన సెల్లో, ఒక్క వదులు జాయింటో, సరిపడని ఛార్జరో మొత్తాన్ని మూలపడేసి ఉంటుంది. అందుకే ఈ డైరీలో రసాయనం కంటే జాయింట్ల గొడవే ఎక్కువ.

1వ రోజు: పాతవాటి లెక్క

విప్పే ముందే పాత బ్యాటరీల మీద కొలతలు తీసుకున్నాం. లేకపోతే కొత్తది ఎంత మేలో చెప్పడానికి ఆధారం ఉండదు. నిండా ఛార్జ్ చేసి, బండి నిలబడి ఉండగా 51.0 వోల్టులు. ఎత్తు ఎక్కుతూ క్లాంప్ మీటరులో 58 ఆంప్స్ చూపించినప్పుడు 43.6 వోల్టులు. అంటే 7.4 వోల్టులు బ్యాటరీలోనూ తీగల్లోనూ పోతున్నాయి. 58తో గుణిస్తే 430 వాట్లు. మోటారుకు చేరాల్సిన శక్తిలో అంత భాగం వేడి కింద పోతోంది. కంట్రోలరు 42 వోల్టుల దగ్గర ఆగిపోయేలా ఉంది కాబట్టి, బ్యాటరీలో ఇంకా ఛార్జ్ ఉండగానే ఎత్తు మీద బండి నిలిచిపోతుంది. "బ్యాటరీ అయిపోయింది" అనుకునే సందర్భాల్లో చాలావాటి అసలు సంగతి ఇదే.

కొత్త ప్యాక్‌కు 15 సెల్సా, 16 సెల్సా అన్నది మొదట తేల్చుకోవాలి. ఎల్ఎఫ్‌పి సెల్ నామమాత్రపు వోల్టేజీ 3.2, నిండితే 3.65, కింది హద్దు 2.5. పదహారైతే 51.2 నుంచి 58.4 దాకా వస్తుంది. కంట్రోలరు మూత తీసి కెపాసిటర్ల మీద అచ్చు చూశాం: 63 వోల్టులు. సరిపోతుంది, కానీ ఎడం తక్కువ. ఆ తక్కువ ఎడం 12వ రోజున మళ్లీ ముందుకొస్తుంది. 42 వోల్టుల కింది హద్దును 16తో భాగిస్తే సెల్‌కు 2.62, అంటే అదీ ఫరవాలేదు.

బరువు మాట. పాతవి నాలుగూ కలిపి దాదాపు 120 కిలోలు. కొత్త సెల్ ఒక్కోటి సుమారు 2 కిలోలు. పెట్టె, బస్‌బార్లు (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీలు), తీగలు అన్నీ కలిపి 42 కిలోల లోపే తేలుతుంది. ఈ బండికి ఇది లాభమే. ఫోర్క్‌లిఫ్టుకు మాత్రం ఇదే ప్రమాదం. అక్కడ బ్యాటరీయే వెనక బరువు. ఉండాల్సిన కనీస బ్యాటరీ బరువు బండి మీది పలక మీదే రాసి ఉంటుంది. తేలిక ప్యాక్ వేసి ఇనప దిమ్మెలు కలపకపోతే సరుకు ఎత్తినప్పుడు బండి ముందుకు తిరగబడుతుంది.

3వ రోజు: సెల్స్ పరీక్ష

కావాల్సినవి 16, తెప్పించినవి 17. ఆ ఒక్కటీ దండగ అనిపిస్తుంది గానీ కాదు, చదవండి.

వచ్చినప్పుడు అన్నీ 3.29, 3.30 వోల్టుల మధ్యే ఉన్నాయి. ఈ అంకెను చూసి మురిసిపోకూడదు. ఎల్ఎఫ్‌పి వోల్టేజీ గీత మధ్యలో బల్లపరుపుగా ఉంటుంది. సగం నిండిన సెల్లూ ముప్పాతిక నిండిన సెల్లూ ఇంచుమించు ఒకే వోల్టేజీ చూపిస్తాయి. అందుకని నాలుగు తీగల మీటరుతో లోపలి నిరోధం కొలిచాం. మామూలు మల్టీమీటరు ఇక్కడ పనికిరాదు. దాని తీగల నిరోధమే 200 మిల్లీ ఓమ్‌ల దాకా ఉంటుంది, కొలవాల్సిందేమో అర మిల్లీ ఓమ్ లోపు. పదహారు సెల్స్ 0.35 నుంచి 0.42 మధ్య వచ్చాయి. పదకొండో నంబరు సెల్ 0.68.

దాన్ని 20 ఆంప్స్‌తో 2.5 వోల్టుల దాకా దించితే 96 ఏహెచ్ వచ్చింది. మిగతావి 101 నుంచి 103. సిరీస్‌లో కట్టిన ప్యాక్ సామర్థ్యం అందులోని అతి బలహీనమైన సెల్ సామర్థ్యమే. పదిహేను సెల్స్ ఎంత గట్టివైనా 96 దగ్గర అన్నీ ఆగాల్సిందే. పైగా ఆ సెల్ ప్రతిసారీ అందరికంటే ముందు అడుగంటుతుంది, అందరికంటే ముందు నిండుతుంది, అందరికంటే తొందరగా ముసలిదవుతుంది. పక్కన పెట్టేశాం. పదిహేడోది కొన్నది ఇందుకే.

5 నుంచి 7వ రోజు దాకా: పైకి సమానం చేయడం

అన్ని సెల్స్‌నూ ప్యారలల్‌లో కట్టి 3.65 వోల్టులు పెట్టి వదిలేస్తే అన్నీ ఒకే స్థాయికి నిండుతాయంటారు. సరైన పద్ధతే, కానీ కాలం లెక్క ఎవరూ చెప్పరు. పదహారు సెల్స్ అంటే 1,600 ఏహెచ్. సగం నిండి వచ్చాయనుకుంటే ఇంకా 800 ఏహెచ్ పోయాలి. 10 ఆంప్స్ పవర్ సప్లైతో 80 గంటలు. కాబట్టి ముందు బిఎంఎస్‌తో (ప్రతి సెల్ వోల్టేజీనీ గమనిస్తూ, హద్దు దాటితే ఆపేసే బోర్డుతో) సహా సిరీస్‌లో కట్టి, 20 ఆంప్స్ ఛార్జర్‌తో ఏదో ఒక సెల్ 3.60 చేరేదాకా నింపాం. సగం నిండి ఉంటే అది రెండున్నర గంటల పని. అప్పుడు విప్పి ప్యారలల్‌లోకి మార్చాం.

మార్చేటప్పుడు తొందర పడకూడదు. ఛార్జ్ ఆపిన వెంటనే ఒకటి 3.60లో, ఇంకొకటి 3.36లో ఉంటాయి. తేడా 0.24 వోల్టులే కదా అనిపిస్తుంది. ఆ రెంటినీ కలిపితే దారిలో ఉన్న మొత్తం నిరోధం 1.3 మిల్లీ ఓమ్‌లు, అంటే బస్‌బార్ తగిలిన క్షణంలో 180 ఆంప్స్ పైమాటే. నాలుగు గంటలు వదిలేస్తే వోల్టేజీలు దగ్గరికి వస్తాయి. తేడా 0.04కి తగ్గాక కలిపాం.

ఇంకో చోట చాలామంది దెబ్బ తింటారు. పవర్ సప్లైని 3.65కు పెట్టి సెల్స్‌కు కలిపితే డిస్‌ప్లే 3.65 చూపిస్తుంది, సెల్ దగ్గర మాత్రం 3.40 ఉంటుంది, ఎందుకంటే మిగతాది సన్నటి తీగల్లో పోతోంది. అది చూసి "తక్కువగా ఉంది" అని నాబ్ తిప్పి 3.9 చేస్తారు, పడుకుంటారు. తెల్లవారేసరికి సెల్స్ నిండి కరెంటు తగ్గుతుంది, తీగల్లో నష్టమూ తగ్గుతుంది, 3.9 వోల్టులూ నేరుగా సెల్ మీదికే వచ్చేస్తాయి. ఉబ్బిపోతాయి. వోల్టేజీని ఏమీ కలపకుండా ఒక్కసారి పెట్టాలి, మళ్లీ ముట్టుకోకూడదు. ఆలస్యం తట్టుకోలేకపోతే తీగలు లావువి వేసుకోవాలి. కరెంటు 3 ఆంప్స్ కిందికి దిగాక ఆపాం.

8వ రోజు: పెట్టె

సెల్ డబ్బా అల్యూమినియం. పైన ఉన్న నీలి పొర పల్చనిది. బండి అదురుకు రెండు డబ్బాలు రాసుకుంటూ ఉంటే ఆ పొర గీసుకుపోతుంది, వోల్టేజీ తేడా ఉన్న రెండు లోహాలు తగులుతాయి. ప్రతి రెండు సెల్స్ మధ్య 1 మి.మీ. గ్లాస్ ఎపాక్సీ రేకు పెట్టాం. రెండు చివరలా 10 మి.మీ. పలకలు, వాటిని లాగి పట్టే నాలుగు పొడవాటి కడ్డీలు. సెల్ ఉబ్బకుండా పట్టి ఉంచాలి గానీ నలిపేయకూడదు. బిగింపు బలం ఎంతో డేటాషీటులో చూసి పెట్టాలి, అందాజుగా కుదరదు.

9వ రోజు: బిఎంఎస్

16 సెల్స్‌కు 17 సన్న తీగలు. ప్లగ్గును బోర్డుకు పెట్టకముందే, ఖాళీ ప్లగ్గులో మొదటి తీగ నుంచి ఒక్కొక్కటీ కొలవాలి: 3.3, 6.6, 9.9 అలా మెట్లు మెట్లుగా 52.8 దాకా రావాలి. రెండు తీగలు తారుమారైతే మెట్టు తప్పి తెలిసిపోతుంది. కొలవకుండా పెడితే బోర్డు కాలిపోయాకే తెలుస్తుంది. లావుపాటి నెగటివ్ తీగ ముందు, సన్న తీగల ప్లగ్గు తరవాత. చాలా బోర్డులకు ఈ వరస తప్పనిసరి.

పెట్టిన హద్దులు: సెల్ పైన 3.60, కింద 2.80, కరెంటు 80 ఆంప్స్‌కు 10 సెకన్లు, 5 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఛార్జింగ్ బంద్. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం ఆనోడ్ లోపలికి వెళ్లకుండా దాని పైనే లోహంగా పేరుకుంటుంది. అది మళ్లీ బాగుపడే నష్టం కాదు. బ్యాలెన్సింగ్ (ఎక్కువ నిండిన సెల్ నుంచి కాస్త ఛార్జ్ తీసేయడం) 3.40 దాటాకే మొదలయ్యేలా పెట్టాం. అంతకు కింద గీత బల్లపరుపు కాబట్టి అక్కడ ఏ సెల్ నిండుగా ఉందో బోర్డుకు అంతుపట్టదు, మంచి సెల్‌నే ఖాళీ చేస్తుంది.

10వ రోజు: వేడెక్కిన జాయింటు

బండికి కలపకుండా, లోడ్ బ్యాంకుతో (కరెంటును వేడిగా మార్చే పరీక్ష లోడుతో) 60 ఆంప్స్ లాగి ఇరవై నిమిషాలు ఉంచాం. అయిదో నిమిషంలో బిఎంఎస్ యాప్‌లో ఏడో సెల్ తక్కువ చూపించడం మొదలైంది, మిగతావాటికంటే 35 మిల్లీ వోల్టులు కింద. లోడ్ ఆపగానే అన్నీ సమానం. మళ్లీ పెడితే మళ్లీ తక్కువ. సెల్ బలహీనమైతే లోడ్ తీశాక కూడా మెల్లగా కోలుకుంటుంది. ఇలా టక్కున లేచిందంటే తప్పు సెల్‌ది కాదు, జాయింటుది.

60 ఆంప్స్ పారుతుండగానే మల్టీమీటరును మిల్లీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు సెల్ టెర్మినల్ మీద, ఇంకో ముల్లు బస్‌బార్ మీద పెట్టి ప్రతి జాయింటూ కొలిచాం. అన్నీ 6 నుంచి 8 మిల్లీ వోల్టులు. ఏడో సెల్ పాజిటివ్ దగ్గర 41. అంటే 0.68 మిల్లీ ఓమ్. 60 ఆంప్స్ దగ్గర దాదాపు రెండున్నర వాట్లు ఒక్క ఎం6 నట్టు కింద పుడుతోంది. అంకె చిన్నదే. కానీ ఆ వేడి పోయేది నేరుగా సెల్ టెర్మినల్ సీలులోకి. వేడికి వ్యాకోచం, చల్లారితే సంకోచం, ప్రతిసారీ నట్టు ఇంకాస్త వదులు, వదులైతే ఇంకా వేడి. ఇంకో నష్టం కంటికి కనిపించదు. బిఎంఎస్ సన్న తీగ ఆ జాయింటు మీదుగా కొలుస్తోంది కాబట్టి ఛార్జ్ అయ్యేటప్పుడు అదే సెల్ ఎక్కువగా నిండినట్టు కనిపిస్తుంది, బోర్డు దాన్నే ఖాళీ చేస్తుంది. కొన్ని నెలలకు మంచి సెల్ నిజంగానే వెనకబడుతుంది. అప్పుడు "సెల్ పోయింది" అని తీసి పారేస్తారు.

విప్పితే కారణం దొరికింది. సన్న తీగ రింగు లగ్గు బస్‌బార్‌కు పైన కాకుండా కింద, టెర్మినల్‌కూ బస్‌బార్‌కూ మధ్య ఇరుక్కుని ఉంది. కరెంటంతా ఆ తగరం పూత ఉంగరం గుండా పోతోంది. సరైన వరస కింది నుంచి పైకి: టెర్మినల్, బస్‌బార్, రింగు లగ్గు, స్ప్రింగ్ వాషరు, నట్టు. టెర్మినల్‌ను 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కాంటాక్టు గ్రీజు కనీకనిపించనంత పల్చగా రాసి, వెంటనే బిగించాం. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర నిమిషాల్లో మళ్లీ కడుతుంది కాబట్టి అన్నీ రుద్దేసి టీ తాగొచ్చి బిగిస్తే లాభం లేదు, ఒక్కొక్కటిగా చేయాలి. ఈ సెల్స్‌కు డేటాషీటు ప్రకారం టార్క్ 4 న్యూటన్ మీటర్లు. చేతి బలం మీద బిగిస్తే మెత్తని అల్యూమినియంలో మరలు తెగి సెల్ పనికిరాకుండా పోతుంది. మళ్లీ కొలిస్తే 7 మిల్లీ వోల్టులు.

ఈ ఒక్క పరీక్షకు కావాల్సినవి మల్టీమీటరు, లోడ్, అరగంట సమయం. ఎవరు ప్యాక్ కట్టినా ఇది చేయకుండా మూత బిగించొద్దు.

11వ రోజు: ఫ్యూజు, ప్రీఛార్జ్

ఈ ప్యాక్ షార్ట్ అయితే ఎంత కరెంటు వస్తుంది? సెల్స్, బస్‌బార్లు అన్నీ కలిపి 9 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే 53 వోల్టులకు దాదాపు 5,900 ఆంప్స్. కార్ల షాపుల్లో దొరికే ఫ్యూజుల్లో ఎక్కువవాటి మీద 32 వోల్టులు అని ఉంటుంది, కొన్నింటి మీద 58. మన ప్యాక్ నిండితే 58.4. వోల్టేజీ చాలని ఫ్యూజులో తీగ కరిగినా మెరుపు ఆగదు, ఆ మెరుపు గుండానే కరెంటు పారుతూ ఉంటుంది. క్లాస్ టి ఫ్యూజు, 100 ఆంప్స్‌ది వేశాం. డీసీలో 125 వోల్టులకు తగ్గనిది, 20,000 ఆంప్స్‌ను తెంచగలిగేది. పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోనే పెట్టాం. తీగలు 25 చదరపు మి.మీ. రాగివి.

కంట్రోలరులో 2,200 మైక్రో ఫారడ్ కెపాసిటర్లు ఉన్నాయి. ఖాళీ కెపాసిటర్లకు 53 వోల్టులు ఒక్కసారిగా తగిలితే కనెక్టర్ మొనలు చిటచిటా కాలతాయి, బిఎంఎస్ షార్ట్ అనుకుని ఆగిపోతుంది. 100 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టరు గుండా ముందు నింపాం. 100 ఓమ్‌లు, 2,200 మైక్రో ఫారడ్ అంటే కాల స్థిరాంకం 0.22 సెకన్లు. అయిదు రెట్లు, అంటే ఒక సెకను చిల్లర. రెండు సెకన్ల టైమరు రిలే పెట్టాం.

12వ రోజు: ఛార్జరు, బ్రేకు

పాత ఛార్జరు 57.6 వోల్టులే ఇస్తుంది కదా, వాడుకోవచ్చు కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. సెల్‌కు 3.60 పడుతుంది, లెక్క బాగానే కనిపిస్తుంది. కానీ లెడ్ యాసిడ్ ఛార్జర్లలో కొన్ని ఈక్వలైజేషన్ పేరుతో 62 వోల్టులకు ఎగబాకుతాయి. అంటే సెల్‌కు 3.87. రోజూ బిఎంఎసే ఆపుతూ ఉండాలి. ఎప్పుడో ఒకసారి పనికి రావాల్సిన ఆఖరి కాపలాను రోజువారీ స్విచ్చుగా వాడకూడదు. 56.8 వోల్టులు, 20 ఆంప్స్ సీసీ-సీవీ ఛార్జరు (మొదట కరెంటును, తరవాత వోల్టేజీని స్థిరంగా ఉంచేది) పెట్టాం.

బ్రేకు వేసినప్పుడు మోటారు తిరిగి ఛార్జ్ చేసే బండి ఇది. ప్యాక్ నిండి ఉండగా దిగువకు పోతూ బ్రేకు వేస్తే బిఎంఎస్ ఛార్జింగ్ తెంచేస్తుంది. మోటారు పుట్టించే కరెంటుకు వెళ్లే దారి ఉండదు, వోల్టేజీ ఒక్కసారిగా లేస్తుంది, 63 వోల్టుల కెపాసిటర్లు, వాటి పక్కన మోస్‌ఫెట్లు (కరెంటును కలిపి తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) పోతాయి. అదే క్షణంలో బ్రేకు బలమూ తగ్గుతుంది. కంట్రోలరులో రీజనరేషన్ పై హద్దు 57.0కు దించాం. ఛార్జరు 56.8 దగ్గరే ఆగుతుంది.

పాత వోల్టేజీ గేజీ తీసేశాం. ఎల్ఎఫ్‌పికి అది దారి తప్పిస్తుంది, చాలాసేపు నిండుగా చూపించి ఆఖర్న ధబీమని పడిపోతుంది. 100 ఆంప్స్, 75 మిల్లీ వోల్టుల షంటుతో (కరెంటు కొలవడానికి పెట్టే చిన్న నిరోధంతో) ఏహెచ్ లెక్కపెట్టే మీటరు బిగించాం.

14 నుంచి 16వ రోజు దాకా: డ్రిల్లు ప్యాక్

పాత 18 వోల్టుల డ్రిల్లులో 15 నికెల్ కాడ్మియం సెల్స్ ఉన్నాయి, ఒక్కోటి 1.2 వోల్టులు. వాటి స్థానంలో 21700 సైజు (21 మి.మీ. వ్యాసం, 70 మి.మీ. పొడవు) లిథియం అయాన్ సెల్స్ అయిదు, ఒక్కోటి 4 ఏహెచ్. నిండితే 21 వోల్టులు. మొత్తం 72 వాట్ అవర్స్.

ఇక్కడ చిక్కంతా పట్టీల్లో ఉంది. 0.15 మి.మీ. మందం, 8 మి.మీ. వెడల్పు నికెల్ పట్టీ 20 మి.మీ. పొడవుకు 1.17 మిల్లీ ఓమ్‌లు. 30 ఆంప్స్ పారితే ఒక్కో పట్టీలో ఒక వాటు పైన వేడి. నికెల్ పేరుతో అమ్మే నికెల్ పూత ఉక్కు అయితే దాదాపు రెట్టింపు. గీసి ఉప్పునీళ్లలో వేస్తే మర్నాటికి తుప్పు పట్టి బయటపడుతుంది. 0.2 మి.మీ. రాగి రేకు మీద నికెల్ పూత ఉక్కు పట్టీ పెట్టి రెంటినీ కలిపి స్పాట్ వెల్డ్ చేశాం. కరెంటును రాగి మోస్తుంది, వెల్డుకు వేడిని ఉక్కు పుట్టిస్తుంది. పాజిటివ్ కొన చుట్టూ అదనంగా కాగితపు వాషరు తప్పదు. అక్కడ అంచు దాకా నెగటివ్ డబ్బానే ఉంటుంది.

తరవాత పరీక్ష. 30 ఆంప్స్ ఎడతెగకుండా లాగితే, 12 మిల్లీ ఓమ్‌ల సెల్‌లో 11 వాట్ల వేడి. సెల్ బరువు 70 గ్రాములు. వేడి పోయే దారి లేకపోతే ఏడు సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున ఎక్కుతుంది. కెపాసిటీ అయిపోయేలోపే వేడి హద్దు వచ్చేస్తుంది. పనిముట్లలో అసలు అడ్డు ఇదే. ట్యాబ్‌లెస్ సెల్స్ గురించి ఇంత మాట నడవడానికి కారణం కూడా ఇదే. మామూలు సెల్‌లో చుట్టిన పొడవాటి రేకు నుంచి కరెంటు ఒకటి రెండు నాలుకల గుండా బయటికి రావాలి. ట్యాబ్‌లెస్‌లో రేకు అంచంతా మూతకు అతుక్కుని ఉంటుంది, దారి పొడవు తగ్గుతుంది. నిరోధం సగమైతే వేడీ సగమే. పెట్రోలుతో తిరిగే కోత యంత్రాల స్థానంలోకి బ్యాటరీలు రావడానికి ఇది సూటి దారి.

బండి ప్యాక్ నుంచే డ్రిల్లును నేరుగా నడపొచ్చు కదా? డ్రిల్లు బిట్టు ఇరుక్కున్న క్షణంలో 80 ఆంప్స్ లాగుతుంది, అంత కన్వర్టరు పెట్టడం వృథా. చిన్న ప్యాక్ ఆ కుదుపులను మోస్తుంది, పెద్ద ప్యాక్ నిల్వను మోస్తుంది. మధ్యలో 36 నుంచి 75 వోల్టుల ఇన్‌పుట్ తీసుకునే ఐసోలేటెడ్ కన్వర్టరు (రెండు వైపుల మధ్య నేరుగా తీగ సంబంధం లేనిది), దాని వెనక 21.0 వోల్టులు, 4 ఆంప్స్ ఛార్జర్. ఐసోలేటెడ్ కాని రకంలో స్విచ్ షార్ట్ అయితే 53 వోల్టులూ నేరుగా డ్రిల్లు ప్యాక్ మీద పడతాయి. నష్టాలు పోను పెద్ద ప్యాక్ నుంచి యాభై సార్ల దాకా డ్రిల్లు బ్యాటరీ నింపొచ్చు.

కన్వర్టరు ఊరికే ఉన్నప్పుడు 3 వాట్లు తాగుతోంది. 24 గంటలకు 72 వాట్ అవర్స్, అంటే రోజుకు సరిగ్గా ఒక డ్రిల్లు బ్యాటరీ. ఛార్జింగ్ అరకు మూత పెట్టి, మూత తెరిస్తేనే కలిసే మైక్రో స్విచ్ బిగించాం.

18వ రోజు: పరుగు

అదే ఎత్తు, అదే బరువు, 58 ఆంప్స్. వోల్టేజీ 1.1 మాత్రమే కుంగింది. పాతవాటిలో 430 వాట్లు పోయిన చోట ఇప్పుడు 64. గంట నడిచాక జాయింట్లు చేత్తో తాకితే గోరువెచ్చదనం కూడా లేదు.

రేపెప్పుడో సోడియం అయాన్ సెల్స్ ఇదే పెట్టెలోకి వస్తాయా అన్న ప్రశ్నకు కాగితం మీద లెక్క వేశాం. సోడియం సెల్ దాదాపు 1.5 నుంచి 4.0 వోల్టుల దాకా ఆడుతుంది. పదహారు పెడితే 24 నుంచి 64. పైన 63 వోల్టుల కెపాసిటర్లు ఒప్పుకోవు. పద్నాలుగుకు తగ్గిస్తే పైన 56 వోల్టులు, కానీ 42 వోల్టుల కింది హద్దు అంటే సెల్‌కు 3.0, చాలా శక్తి వాడకుండానే మిగిలిపోతుంది. ఇక్కడ కుదరనిది సెల్ కాదు, కంట్రోలరు వోల్టేజీ కిటికీ. తరవాతి కంట్రోలరు 100 వోల్టుల కెపాసిటర్లతో, కింది హద్దు 24 దాకా దించగలిగేది తీసుకోవాలని రాసి పెట్టాం.

యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి తేలికపాటి ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలను స్వతంత్ర మెకానిక్ విప్పి మార్చగలిగేలా ఉండాలి, విడి సెల్స్ స్థాయిలో కూడా. ఆ మాట నిజంగా కుదురుతుందో లేదో చూద్దామని ఏడో సెల్‌ను ఉన్నపళంగా మార్చి చూశాం. ఫ్యూజు తీయడం, నాలుగు కడ్డీలు వదులు చేయడం, రెండు బస్‌బార్లు విప్పడం, సెల్ ఎత్తడం, మళ్లీ రుద్ది బిగించడం. 48 నిమిషాలు. ఇందులో ఎక్కువ సేపు పట్టింది రింగు లగ్గుల వరస సరిచూసుకోవడానికి. పెట్టె మూత లోపలి వైపు ఆ వరసను చెరగని సిరాతో బొమ్మ గీసి ఉంచాం, పక్కనే ప్రతి సెల్ నిరోధం, ఏహెచ్, బిగించిన తేదీ. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ మూత తీసి, 60 ఆంప్స్ దగ్గర ప్రతి జాయింటు మిల్లీ వోల్టులూ వాటి పక్కనే రాయాలి.